ఆల్చిప్పతో బాప్తిస్మము

విద్యానగర్‌లో మా సంఘపు వృద్ధ సహోదరి ఒకరు చీర చెంగులోనుండి విసనకర్రవలె గీతలున్న ఆల్చిప్ప తీసి, "అయ్యగారూ, వచ్చే ఆదివారం మా మనుమడి బాప్తిస్మమునకు దీనితోనే నీళ్లు పోయండి. మా ఆయన విశాఖ సముద్రపొడ్డున ఏరినది" అన్నారు. ఆయన ప్రభువునందు నిద్రించి ఏడాది కాలేదు. మేమేమో, "గుడిలో శంఖముతో తీర్థము పోసినట్లుంటుందమ్మా" అని తిరిగి ఇచ్చేశాము. ఆమె మారు పలుకలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక పుస్తకములు తిరగవేశాము. అపొస్తలుడైన యాకోబు సమాధి ఉన్నదని నమ్మే స్పెయిన్‌లోని సంతియాగోకు నడిచి వెళ్లిన యాత్రికులు 12వ శతాబ్దము నాటికే ఇటువంటి చిప్పను ధరించి తిరిగి వచ్చేవారు. అదే ఐరోపా ప్రభువుల డాళ్ల మీదికెక్కింది; డయానా పుట్టింటివారైన స్పెన్సర్ల చిహ్నములో మూడున్నవి. 2005లో పోపు 16వ బెనెడిక్టు కూడ తన చిహ్నములో దీనిని పెట్టుకున్నారు. సముద్రమంతటినీ చిప్పతో ఇసుక గుంటలో పోయబోయిన బాలుని అగస్టీను చూచెనను పాత కథ అందుకొక కారణము. కథోలిక దేవాలయములలో చిప్పతో బాప్తిస్మపు నీళ్లు పోయుట ఉన్నదే. (మన పెద్దలు బర్మా షెల్ పెట్రోలు బంకులపై చూచిన బొమ్మా ఇదే!)

బాప్టిస్టు సహోదరులు నవ్వుదురేమో. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమే 2,222 మంది మునిగి బాప్తిస్మము పొందినప్పుడు చిప్పా లేదు, గిన్నే లేదు. నిజమే. కాని మా బల్లమీది స్టీలు గిన్నెను మాత్రము ఏ వాక్యము ఆజ్ఞాపించినది?

తెల్లవారగానే ఆమె యింటికి వెళ్లి చిప్పను అడిగి తెచ్చుకున్నాము. అంచున కొంచెము పెచ్చు ఊడి ఉన్నది. ఆదివారం మూడు మారులు పోయునప్పటికి సగము నీళ్లు మా అంగీ చేతిలోనికే పోయినవి.