మా సంచిలోని నొప్పి బిళ్ళలు

డైరీ ఫార్మ్‌లో ఆదివారం బుద్ధవందనకి కూర్చున్నప్పుడు ఒక పెద్దావిడ కాళ్ళు మడవలేక గోడకి చేరబడింది. పాదాలు వాచి ఉన్నాయి. సిక్కోలు నుంచి ఎప్పుడో ఈ దీవికి కూలికొచ్చిన మనిషి. "మోకాళ్ళకి రోజూ రెండేస్తన్నాను బాబూ, ఏసుకోకపోతే పనికెళ్ళలేను" అంది. బీపీ కూడా ఉంది. ఏ బిళ్ళ అని అడిగితే కొంగుముడి విప్పి చూపించింది: డైక్లోఫెనాక్. మొదటి స్ట్రిప్ ఇచ్చింది మేమే, పోయిన భీమ్ జయంతి నాడు.

1945 నాటి ఔషధ నిబంధనల్లో ఇది షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చట్టం చదివిన మేం దాన్ని దానమనుకుని పంచాం.

ఈ మందు చెడ్డది కాదు. నొప్పిని, వాపుని పెంచే ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటుంది. బెణుకు, పంటినొప్పి, నెలసరి నొప్పికి కొద్ది రోజులు వాడితే బాగా పనిచేస్తుంది. అయితే కడుపు లోపలి పొరను కాపాడేవీ, మూత్రపిండాలకి రక్తం సరిగా అందేలా చూసేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, రక్తస్రావం, బీపీ పెరగడం, కిడ్నీ దెబ్బతినడం జరగవచ్చు. గుండెకీ ముప్పే. ఈ కోవకే చెందిన రోఫెకాక్సిబ్‌ను గుండెపోట్ల కారణంగా 2004లో తయారీదారే వెనక్కి తీసుకున్నాడు.

వానాకాలం జ్వరాల్లో ఇక్కడ మరీ జాగ్రత్త. డెంగీ అయితే ఈ బిళ్ళలు రక్తస్రావాన్ని పెంచవచ్చు. ఈ దీవుల్లో పాతుకుపోయిన లెప్టోస్పైరోసిస్ అయితే మూత్రపిండాలకి అసలే గండం.

నొప్పిని ఓర్చుకోమని తథాగతుడు చెప్పలేదు. తనకే నడుము నొప్పి వస్తే ప్రసంగం ఆనందుడికి అప్పగించి పడుకున్నాడని త్రిపిటకంలో ఉంది. భిక్షువులకి మందులు అనుమతించాడు. అయితే దుఃఖం ఉందని చెప్పి ఊరుకోలేదు, కారణం వెతకమన్నాడు. మేం కారణం అడక్కుండా బిళ్ళ ఇచ్చాం.

ఆవిడని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి ఉంది. డాక్టరు బిళ్ళ మాన్పించి, మోకాలికి పైపూత జెల్ కొద్దిగా రాసుకోమని, తొడ కండరాలకి వ్యాయామం చేయమని చెప్పారు. నెల తర్వాత మళ్ళీ పరీక్షకి రమ్మన్నారు.

ఈ జయంతికి మేం స్ట్రిప్పులు పంచం. ఆసుపత్రికి తోడు వెళ్ళేవాళ్ళ పేర్లు రాసుకుంటున్నాం.