సెమిస్టరు చివర సముద్రం

పరీక్షల ముందు విశాఖ విద్యార్థులతో ఒకటిన్నర రోజు

ఏప్రిల్ నడిమధ్య విశాఖపట్నానికి రెండే కాలాలు. చెమట పట్టే పగలు, చెమట పట్టే రాత్రి. తెల్లవారుజామున ఒక గంట, సాయంత్రం ఐదున్నర దాటాక ఒక గంట మాత్రం సముద్రం కాస్త దయ తలుస్తుంది. ఊళ్లోని విద్యార్థులంతా ఆ రెండు గంటల కోసమే బతుకుతున్నట్టు కనిపిస్తారు. మిగతా ఇరవై రెండు గంటలూ సెమిస్టరువి.

నేను వెళ్లింది విహారానికి కాదు. మా అక్క ఒక పని అప్పగించింది. ఆమె కూతురు ఎం.ఎ. ఎకనామిక్స్ ఆఖరి సెమిస్టరులో ఉంది. పరీక్షలకు ఇంకా పన్నెండు రోజులు. "పరీక్షలయ్యాక అక్కడ ఇంకేటి పని తమ్ముడూ? హాస్టలు వాళ్లకి ఖాళీ చేస్తామని ఇప్పుడే చెప్పెయ్యి. డిపాజిట్టు సంగతి కనుక్కో. బరువు సామాను నీతో పట్టుకొచ్చెయ్యి" అంది ఫోన్లో. నరసన్నపేట దగ్గరి వాళ్ల ఊళ్లో ఒక సంబంధం మాట నడుస్తోందన్న విషయం తర్వాతి వాక్యంలో బయటపడింది. ఖాళీ చేయాలంటే నెల ముందు చెప్పాలన్నది ఆ హాస్టలు నిబంధన. అంటే ఆ అమ్మాయి విశాఖ జీవితానికి చివరి తేదీ వేయాల్సినవాణ్ని నేనే.

పెద్దవాల్తేరులోని ఆ ప్రైవేటు హాస్టలు గేటు దగ్గర నిలబడ్డాను. మగవాళ్లు అది దాటి వెళ్లకూడదు. మేనకోడలు చేతిలో అట్టల ఫైలుతో బయటికొచ్చింది. "టీ తర్వాత తాగుదాం మావయ్యా, ముందు జెరాక్సుకి పోదాం. పది దాటితే క్యూ" అంది.

విశ్వవిద్యాలయానికి గేట్లు చాలానే ఉన్నాయి గానీ సెమిస్టరు చివర అసలు సింహద్వారం జెరాక్సు షాపే. గత ఐదేళ్ల ప్రశ్నపత్రాలు, 'ఇంపార్టెంట్లు', స్పైరల్ బైండింగ్ చేసిన నోట్సు అక్కడ పప్పుబెల్లాల్లా అమ్ముడవుతాయి. ఒక నోట్సు చూపించి, దాని చేతిరాత ఎవరిదో తనకూ తెలియదంది. ఎప్పుడో చదువుకుని వెళ్లిపోయిన ఒక సీనియర్ గుండ్రని అక్షరాలు నకలుకు నకలు తీయగా తీయగా కాస్త పలచబడ్డాయి. ఆమె ఎక్కడుందో, ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు. ఆమె రాసిన కీన్స్ సిద్ధాంతంతో మాత్రం ఏటా కొందరు గట్టెక్కుతున్నారు.

సెమిస్టరు అనే మాటకు లాటిన్ మూలార్థం ఆరు నెలలు. అడ్మిషన్లు, పండగ సెలవులు, ఇంటర్నల్ పరీక్షలు, సెమినార్లు పోను పాఠాలకు మిగిలేది నాలుగు నెలలు కూడా ఉండదు. అందుకే ఏ పేపరులోనైనా చివరి యూనిట్ చివరి వారంలో ఎక్స్‌ప్రెస్ రైలు చిన్న స్టేషన్‌ను దాటినట్టు దాటిపోతుంది. 75 శాతం హాజరు లెక్క, అసైన్‌మెంట్ల మీద సంతకాలు, హాల్‌టికెట్టు, ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్ అన్నీ ఈ పది రోజుల్లోనే మీద పడతాయి. ఇంత హడావుడిలో వీళ్లకు కాలక్షేపానికి తీరికెక్కడిదని మనకు అనిపిస్తుంది. నిజానికి తీరిక లేనప్పుడే కాలక్షేపం రుచి. పరీక్ష దూరంగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండే కుర్రాడు పన్నెండు రోజుల ముందు హఠాత్తుగా గది ఊడుస్తాడు, బట్టలు ఉతుకుతాడు, చిన్ననాటి స్నేహితుడికి ఫోన్ చేస్తాడు. అర నిమిషం రీల్ చూద్దామని తీసిన ఫోన్ గంట తర్వాత గానీ కింద పెట్టడు. పైగా ఐపీఎల్ వచ్చేది సరిగ్గా ఈ పరీక్షల సీజన్లోనే. 2024, 2025లలో ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు కొన్ని సొంత మ్యాచ్‌లను మధురవాడ స్టేడియంలోనే ఆడింది. టికెట్టు కొనలేని వాళ్లకు ఒక ఫోన్ చుట్టూ ఎనిమిది తలకాయలే గ్యాలరీ.

జెరాక్సు పనయ్యాక క్యాంపస్‌లోకి నడిచాం. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో ఈ వాల్తేరు మెట్టకు వచ్చింది. తొలి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. 1931 నుంచి 1936 దాకా ఆ కుర్చీ సర్వేపల్లి రాధాకృష్ణన్‌ది. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం మూటాముల్లే సర్దుకుని గుంటూరుకు తరలిపోయి, యుద్ధం ముగిశాక తిరిగొచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఇక్కడి చెట్లను వేళ్లతో సహా పెకలించింది. నేను చదువుకున్నప్పుడు మా నెత్తిన నీడగా ఉన్న చెట్లు కొన్ని ఇప్పుడు లేవు. వాటి చోట పెరిగిన కొత్తవాటి కింద కొత్త పిల్లలు కూర్చుని ఉన్నారు. పాత చెట్ల సంగతి వాళ్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

డాక్టర్ వి.ఎస్. కృష్ణ గ్రంథాలయంలో ఫ్యాన్ కింద చోటు దొరకడమే ఒక ర్యాంకు. మేనకోడలి స్నేహితురాలు మాకు చూపు కలిపి నవ్వింది. ఆమె ముందు ఒకదాని మీద ఒకటి రెండు పుస్తకాలున్నాయి. పైది సెమిస్టరు పాఠ్యపుస్తకం, కిందది గ్రూప్-2 గైడు. "పైది మే దాకా, కిందది ఎప్పటిదాకానో" అని మేనకోడలు బయటికొచ్చాక చెప్పింది. డిగ్రీ చేతికొచ్చే లోపే దాని మీద నమ్మకం సన్నగిల్లిన తరం ఇది. అయినా మధ్యాహ్నం ఎండకు గ్రంథాలయం నుంచి లేచిన నలుగురు జగదాంబ థియేటర్లో ఏ సినిమా ఆడుతోందని మొదట చర్చించి, పేరు తర్వాత అడిగి, ఏసీ పనిచేస్తుంది కదా అని చివరికి బయల్దేరారు.

సాయంత్రం ఐదున్నరకు అందరం రామకృష్ణా బీచ్‌లో ఉన్నాం. మెట్ట మీది నుంచి కిందికి దిగే రోడ్డు మలుపు తిరగ్గానే ఎదురుగా సముద్రం నిలబడి కనిపిస్తుంది. పాతికేళ్లు దాటినా ఆ మలుపు దగ్గర నా నడక నెమ్మదించింది. మురీ మిక్చర్ బండి అబ్బాయి డబ్బాలో మరమరాలు, ఉల్లి, టమాటా, వేరుశనగ గుళ్లు, కారం వేసి నిమ్మకాయ పిండి గరిటెతో టకటకమని కలుపుతున్నాడు. నలుగురు అమ్మాయిలు రెండు పొట్లాలు కొని ఒక ఫోన్ నుంచి డబ్బు కట్టారు. ఎవరి వాటా ఎంతో నెలాఖరున తేల్చుకుంటారట. ఒడ్డున ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి వెలుగులో మెరుస్తోంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారింది. ఊరి నుంచి చుట్టాలొస్తే తప్ప ఇక్కడి విద్యార్థులెవరూ దాని లోపలికి వెళ్లరు. "మాకు చదువయ్యాక ఉద్యోగం రావట్లేదు, దీనికి రిటైరయ్యాక కూడా వచ్చింది" అంది మేనకోడలి గదిలో ఉండే అమ్మాయి. అందరూ నవ్వారు. ఆమె కూడా.

కొంచెం దూరంలో కుర్రాళ్ల గుంపు మోకాళ్ల లోతు దాటగానే లైఫ్‌గార్డు ఈల మోగింది. ఈ తీరానికి అందమెంతో మోసమంత. నాలుగడుగులు వేయగానే లోతు, ఒడ్డుకొచ్చిన నీళ్లు వెనక్కి పోతూ మనిషిని లాక్కుపోయే ఒరవడి. పరీక్షలు ముగిసిన సంబరంలో స్నానానికి దిగి తిరిగిరాని పిల్లల వార్త ఈ ఊరి పత్రికలకు కొత్త కాదు. అలాంటి లాగుడులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకుండా, ఒడ్డు వెంబడే పక్కకు ఈది బయటపడాలి. ఈత రానివాళ్లకు ఒడ్డే మేలు. ఈల వేసేవాడు సరదా చెడగొట్టేవాడిలా కనిపిస్తాడు గానీ సెమిస్టరు చివర ఈ ఊళ్లో అతనికంటే ముఖ్యమైన పరీక్షాధికారి లేడు.

జలాంతర్గామి మీద జోకు వేసిన అమ్మాయిది పార్వతీపురం వైపు. ఒక ప్రైవేటు కాలేజీలో చదువు ముగించి ఏడాదిన్నరైంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము పూర్తిగా అందలేదని, బాకీ కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమని కాలేజీ వాళ్లన్నారు. ప్రభుత్వం ఇచ్చినప్పుడు తిరిగిస్తారట. 2008లో మొదలైన ఆ పథకం లక్షలాది పేదింటి పిల్లలను కాలేజీ గడప ఎక్కించింది. ప్రభుత్వాలతో పాటు దాని పేరూ తీరూ మారుతూ వచ్చాయి గానీ బకాయిల అలవాటు పోలేదు. ఈలోగా ఆమెకు ఒక ఉద్యోగం వచ్చింది. ఒరిజినల్స్ చూపించలేక చేయి జారింది. ఇప్పుడొక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తూ బాకీ తీరుస్తోంది. "నా ఆఖరి సెమిస్టరు ఇంకా నడుస్తోంది అంకుల్" అంది, పొట్లం అడుగున మిగిలిన మరమరాలు ఏరుకుంటూ.

మర్నాడు ఆదివారం. తెల్లవారుజామున భీమిలి రోడ్డు బస్సెక్కి మంగమారిపేట దగ్గర దిగి తొట్లకొండ ఎక్కాం. ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, సముద్రం మీదికి వంగి చూస్తున్నట్టుండే కొండ ఇది. వాన నీళ్లు పట్టేందుకు రాతిలో తొలిచిన తొట్లే దీనికి ఆ పేరు తెచ్చాయి. 1976లో నౌకాదళం విమాన సర్వేలో బయటపడింది. తర్వాత జరిగిన తవ్వకాల్లో రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ విహారం, స్తూపాలు, భిక్షువుల గదుల వరసలు, భోజనశాల, వంటశాల, శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు వెలుగు చూశాయి.

"గదులు, మెస్సు, నీళ్ల ట్యాంకు. ఇది హాస్టలే మావయ్యా" అంది మేనకోడలు. ఒక గది పునాదిలో నిలబడి అడుగులతో కొలిచింది. "మా గది కన్నా కొంచెం పెద్దదే. అందులోనూ ఒక్కరికి." తర్వాత గోడ నీడన కూర్చుని నేరుగా అడిగేసింది. "అమ్మ నిన్ను దేనికి పంపిందో నాకు తెలుసు. హాస్టలు వాళ్లతో చెప్పేశావా?"

ఇంకా లేదన్నాను. ఒక్క ఏడాది ఉండి పరీక్షలకు చదువుకుంటానంది. ఖర్చుకు ట్యూషన్లు చెబుతుందట. ఇంటి దగ్గరుండి చదువుకోవచ్చు కదా అని పెద్దమనిషి మాటే నేనూ అన్నాను.

"చదువుకోవచ్చు. కానీ అక్కడ నేను పుస్తకం పట్టుకున్నా ఖాళీగా ఉన్నట్టే లెక్క. ఇక్కడ ఖాళీగా కూర్చున్నా చదువుకుంటున్నట్టు లెక్క."

జవాబు దొరకలేదు. కింద పడవలు వేట నుంచి తిరిగొస్తున్నాయి. నా ఎం.ఎ. అయ్యాక నేను ఎనిమిది నెలలు ఇదే ఊళ్లో స్నేహితుడి గదిలో ఉన్నాను. పొద్దున ఏదో చదివేవాణ్ని, సాయంత్రం తప్పకుండా బీచ్‌కు వెళ్లేవాణ్ని. నెలనెలా నాన్న మనియార్డరు పంపేవాడు. ఖాళీ ఎప్పుడు చేస్తావని ఎవరూ అడగలేదు. ఆ ఎనిమిది నెలల్లో నేను చేసిన గొప్ప పనేమీ గుర్తు లేదు. ఏం చేయాలో తేల్చుకున్నది మాత్రం అప్పుడే. అదే వయసుకు మా అక్క ఇద్దరు పిల్లల తల్లి. ఇంటర్ పరీక్షలు రాసిన నెలకే ఆమె పెళ్లి. సెమిస్టరు చివర ఊరికే కూర్చునే సాయంత్రం ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చూపించలేదు. కూతురు దాన్ని వదులుకోవడం నష్టమని ఆమెకు అనిపించకపోవడంలో ఆమె తప్పేముంది?

విశ్వవిద్యాలయం ఇచ్చేది పట్టా అని మనం అనుకుంటాం. పల్లె నుంచి వచ్చిన పిల్లకు అది ఇచ్చే మరొకటుంది. ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేని రోజుకో గంట. మురీ మిక్చర్ పొట్లం, ఏసీ కోసం చూసిన సినిమా, కొండ మీద పాత గోడ నీడ అన్నీ ఆ గంటలోనివే. మార్కుల జాబితాలో దానికి గడి లేదు.

మధ్యాహ్నం హాస్టలుకు తిరిగొచ్చాం. యజమానురాలు రిజిస్టరు తెరిచి, కళ్లద్దాలు పెట్టుకుని, "ఖాళీ ఎప్పుడని రాసుకోమంటారు?" అని అడిగారు. ఇప్పుడే రాయొద్దన్నాను. మే నెల అద్దె కట్టి రసీదు తీసుకున్నాను. మేనకోడలు ఏమీ అనలేదు. లోపలికెళ్లి పాత నోట్సులన్నీ గోనెసంచిలో కట్టి తెచ్చింది. "ఇవి పట్టుకెళ్లు, నిజంగానే బరువు" అంది.

కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సెక్కి కూర్చోగానే అక్క ఫోన్. "సామాను తెచ్చావా?"

"తెచ్చాను. మూడు సెమిస్టర్లది. నాలుగోది ఇంకా అక్కడే ఉంది."

"అంటే ఏటి?"

"ఇంటికొచ్చి మాట్లాడతాను. ముందు నువ్వోసారి రా అక్కా. దాని ఆఖరి పరీక్ష రోజున రా. సాయంత్రం ముగ్గురం బీచ్‌కి వెళ్దాం."

అటువైపు కాసేపు మాట లేదు. సంబంధం వాళ్లకు ఏం చెప్పాలని అడుగుతుందనుకున్నాను. ఆ సంగతి రేపైనా అడుగుతుంది. అప్పటికి మాత్రం, "అక్కడ ఎండ ఎక్కువ కదా?" అంది.

సాయంత్రం ఐదున్నర దాటితే ఉండదని చెప్పాను.