64 కోర్లు, మూడు తీగలు

మా ఎడిటర్ చెవిన కొత్త మాట పడిందంటే నాకు ప్రయాణం తప్పదు. ఈసారి పడిన మాట "మెనీకోర్", అంటే ఒకే చిప్‌లో బోలెడు కోర్లు. మా తమ్ముడి కూతురు మాదాపూర్‌లో అలాంటి చిప్ మీదే పనిచేస్తోందని నేనే నోరు జారాను. వారం తిరక్కుండా వాళ్ల కంపెనీలో విజిటర్ కార్డు మెడలో వేసుకుని కూర్చున్నాను.

ముందు మేనేజరుగారి స్లైడ్లు చూశాను. రిస్క్-ఫైవ్ చిప్, 64 కోర్లు, దాని మీద లినక్స్. "పోర్టింగ్ అయిపోయిందండీ, జనవరిలోనే బూట్ అయింది" అన్నారాయన. ఆ రోజు కేకు కోసిన ఫోటో గోడ మీద ఉంది. మా పిల్ల చివరి వరసలో, ఎవరిదో భుజం వెనక సగం మొహంతో కనబడింది.

అయిపోయిన ఆ పని దగ్గరే ల్యాబులో కూర్చుని ఉంది తను. బల్ల మీద పెట్టె కూడా లేని బోర్డు, నెత్తిన ఫ్యాను. బోర్డు నుంచి ల్యాప్‌టాప్‌కి మూడు సన్నని తీగలు. ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి, ఒకటి గ్రౌండ్. అన్ని కోర్లున్న యంత్రం లేచేటప్పుడు తన గోడు చెప్పుకునే దారి అదొక్కటే, అదీ సెకనుకు 115200 బిట్ల నత్తనడకన. గ్రౌండ్ తీగ వదులైతే తెర నిండా పిచ్చి అక్షరాలు. తను చూపు తిప్పకుండానే ఎడమచేతి వేలితో ఆ తీగని నొక్కి పెడుతోంది. కుడిచేత్తో స్విచ్ ఆపి, నాలుగంకెలు లెక్కపెట్టి, మళ్లీ వేస్తోంది. లాగిన్ అడిగే లైను రాగానే నోటు పుస్తకంలో ఒక గీత. నాలుగు నిలువు గీతలయ్యాక అడ్డంగా ఇంకొకటి, పాలవాడి లెక్కలా.

"ఇదంతా చేత్తోనేనా?" అన్నాను.

"స్విచ్ దానంతటదే పడేలా రిలే బోర్డు అడిగాను పెదనాన్నా. అయిపోయిన ప్రాజెక్టుకి బడ్జెట్ ఎక్కడిదన్నారు."

పక్క బల్ల దగ్గర కుర్రాడు నవ్వాడు. "టైంషీట్లో దీనికి గడే లేదండీ. 'ఇతరములు'లో రాసుకుంటాం."

సంగతేమిటంటే, పదిసార్లు ఆన్ చేస్తే తొమ్మిదిసార్లు శుభ్రంగా లేచే బోర్డు పదోసారి నెట్‌వర్క్ డ్రైవర్ దగ్గర బిగుసుకుపోయేదట. ఎక్కడ ఆగిందో చూద్దామని మధ్యలో ఒక ప్రింట్ పెడితే ప్రతిసారీ లేచేదట. డాక్టరు గుమ్మం తొక్కగానే తగ్గే జ్వరం. ప్రింట్‌కి పట్టే ఆ కాస్త ఆలస్యమే జబ్బుని కప్పేసేది.

ఆ డ్రైవర్ ఎవరో ఇంటెల్ యంత్రం మీద పెట్టుకుని రాసింది. ఒక కోరు సరుకు మెమరీలో పెట్టి, ఆనక జెండా ఎత్తుతుంది. జెండా చూసి ఇంకో కోరు సరుకు తీసుకుంటుంది. ఇంటెల్‌లో ఒక కోరు ఏ వరసలో రాస్తే మిగతావాటికి ఆ వరసలోనే కనబడుతుంది. రిస్క్-ఫైవ్‌లో వరస కావాలని నోరు తెరిచి అడగాలి. లేకపోతే జెండా ముందు కనబడి సరుకు తర్వాత కనబడొచ్చు. "బంతికి పిలిచేశారు, విస్తట్లో ఇంకా అన్నం పడలేదు, అంతే" అంది తను. అలా అడిగే మాటే బ్యారియర్. రాసేవైపు ఒకటి, చదివేవైపు ఒకటి. తొమ్మిది రోజులకు రెండు లైన్లు.

నేను పొంగిపోయాను. తను గీత గీసుకుంది.

అసలు లినక్స్‌కి ఎక్కువ కోర్లు అలవాటు చేయడమే ఇలాంటి చిల్లర పనుల చరిత్ర. 1996లో 2.0 వచ్చినప్పుడు కెర్నెల్ మొత్తానికి ఒకటే పెద్ద తాళం. ఇంటికంతటికీ ఒకే స్నానాల గది ఉన్నట్టు. ఇద్దరికైతే సరే, పెళ్లివారిల్లయితే? దాన్ని ఒక్కో మూల నుంచి ఊడబెరికి పూర్తిగా తీసేసేసరికి 2011 వచ్చింది. 2008లో బ్యాంకు టోకెన్ల మాదిరి తాళాలు పెట్టారు. వరస కుదిరింది గానీ అందరి కళ్లూ ఒకే బోర్డు మీద. అంకె మారిన ప్రతిసారీ కాచుకున్న కోర్లన్నీ దాన్ని మళ్లీ తెచ్చుకోవాల్సిందే. 2015లో ఎవరి చోట వాళ్లు నిలబడితే ముందువాడు భుజం తట్టి పిలిచే పద్ధతి వచ్చింది. ఆ ఆలోచనకి మూలమైన వ్యాసం 1991 నాటిది! వీటిలో దేనికైనా ఎవరైనా కేకు కోశారా?

కేకు కోసి వదిలేస్తే ఏమవుతుందో కూడా కళ్లముందే ఉంది. టైలెరా అనే అమెరికన్ కంపెనీ 2007లోనే 64 కోర్ల చిప్ తెచ్చింది. 2010లో దాని పోర్టు అసలు లినక్స్‌లో చేరింది. కంపెనీ రెండు చేతులు మారింది, చూసుకునే మనిషి లేకుండా పోయాడు, 2018లో 4.17 నుంచి ఆ కోడంతా తీసేశారు. మేనేజరుగారికి ఈ కథ చెబితే "మన కేసు వేరండీ" అన్నారు. ఎలా వేరో చెప్పలేదు. రిబ్బను కత్తిరించడానికి మన దగ్గర మనుషులకి కొదవ లేదు. చెరువులో పూడిక తీసే మనిషికే కూలి లెక్క ఉండదు.

తను మార్చిన ఆ రెండు లైన్లు బయటి లినక్స్‌కి పంపిస్తే ఈ చిప్ వాడే అందరికీ పనికొస్తాయి కదా అన్నాను.

"పంపాలంటే లాయర్లు సరేననాలి. ఇంతకుముందుది ఉగాదికి అడిగాను." మేం మాట్లాడుకుంటున్నది శ్రావణమాసంలో.

పన్నెండున్నరకి భోజనానికి పిలుస్తూ తన ఫోను మోగింది. 500 సార్లు లేస్తే గాని నయమైందని రాయదట. అప్పటికి 212 అయ్యాయి. తిని రమ్మని స్విచ్ నేను అందుకున్నాను. గ్రౌండ్ తీగ ఎక్కడ నొక్కాలో చూపించి వెళ్లింది. ఆపాను, నాలుగు లెక్కపెట్టాను, వేశాను. 64 సీపీయూలు వచ్చాయన్న లైను పడింది. నెట్‌వర్క్ డ్రైవర్ పేరు కనబడేసరికి ఊపిరి బిగపట్టాను. దాటింది. పుస్తకంలో నా గీత కొంచెం వంకరగా వచ్చింది.