బ్రిగ్గె: వంతెనయా, రేవా?

స్వరాష్ట్రమునకు వెలుపల తెలుగు బోధించుచున్న నాకు ‘రేవు’ అను మాటను వివరింపవలసిన యవసరము తఱచుగ గలుగుచుండును. చాకిరేవునకును ఓడరేవునకును ఒకే పదమెట్లు చెల్లునని విద్యార్థు లడుగుదురు. నీటిలోనికి దిగుటకు అనువైన చోటు రేవు. దిగువారు బట్ట లుతుకువారైనను నావికులైనను పదమునకు భేదము లేదు. ఈ ప్రశ్నయే నన్ను స్కాండినేవియా భాషలలోని రేవు పదములవైపు మరలించినది.

వానిలో ‘బ్రిగ్గె’ యను నార్వే భాషాపదము మిక్కిలి ఆసక్తికరము. దీని మూలము ప్రాచీన నార్సు భాషలోని ‘బ్రిగ్గ్యా’. ఆంగ్లమునందలి ‘బ్రిడ్జి’ దీనికి జ్ఞాతి. ఐనను బ్రిగ్గె నదిని దాటించునది గాదు. ఓడనుండి ఒడ్డునకు దింపునది. వంతెనకు నార్వేలో ‘బ్రు’, ‘బ్రో’ అను వేఱు మాటలు గలవు. బ్రిగ్గెను వంతెన యని తెనిగించినచో ఓడలు దారి తప్పును.

మొదట కొయ్య కట్టడమునకు చెల్లిన యీ పేరు క్రమముగ దాని వెనుకనున్న గిడ్డంగులకును, పిదప పేటకును వ్యాపించినది. బెర్గెను నగరమందలి ‘బ్రిగ్గెన్’ దీనికి నిదర్శనము. తుది నకారమునకు ‘ఆ’ యని యర్థము. మనము పదమునకు ముందుంచుదానిని వారు వెనుక నంటింతురు. 1360 ప్రాంతమున జర్మను హాన్సా వర్తకులు అచ్చట కార్యస్థానమును నెలకొల్పి ఎండుచేపలు, ధాన్యము వ్యాపారము చేసిరి. వారిని బట్టి ఆ చోటు ‘ట్యుస్కెబ్రిగ్గెన్’, అనగా జర్మనుల రేవు, అయ్యెను. 1702లో అగ్నికి ఆహుతియైన కొయ్య యిండ్లు పాత పద్ధతిలోనే మరల లేచినవి. 1940 నుండి 1945 వఱకు నార్వే జర్మను ఆక్రమణమున నుండెను. యుద్ధానంతరము ‘ట్యుస్కె’ తొలగినది. గాయపడిన జాతి ఆ విశేషణమును సహింపజాలకపోవుట సహజమే. పదచరిత్రను వ్రాయువాడు మాత్రము దానిని దాచరాదు.

స్వీడను దేశపు రీతి వేఱు. అచ్చట వంతెనకు చెల్లు ‘బ్రూ’ శబ్దమే పూర్వము ఓడలు నిలుచు కట్టడమునకును చెల్లినది. స్టాక్‌హోములోని ‘షెప్స్‌బ్రూన్’ వంతెన గాదు, ఓడల రేవు. కోపెన్‌హాగెన్ పేటలైన వెస్టర్‌బ్రో, నోరెబ్రోల యందలి ‘బ్రో’ మఱియొక వింత: అది రాళ్లు పఱచిన బాట.

ఓస్లోలో ఆకెర్ నౌకానిర్మాణశాల 1982లో మూతపడినది. ఆ స్థలమున పిదప లేచిన అంగళ్లకును నివాసములకును ‘ఆకెర్ బ్రిగ్గె’ యని పేరు. శ్రామికులు వెడలిపోయిరి; వారి పనిచోటి పేరు అద్దెలకు వన్నె దెచ్చుచున్నది. మన చీరాల చెంతనున్న వాడరేవు పేరులోని ‘వాడ’ యనగా ఓడయే. నేడచ్చటి యిసుకపై నిలుచునవి చేపల పడవలు.