దుర్భిణిలో దొరకని దుప్పి

రాస్ ద్వీపంలో దుప్పిని చూడాలంటే దుర్భిణి అక్కర్లేదు. చేతిలో బిస్కెట్ పొట్లం ఉంటే చాలు. పోర్ట్‌బ్లెయిర్‌లోని అబర్డీన్ జెట్టీ నుంచి బోటులో పావుగంట ప్రయాణం. దిగి నాలుగడుగులు వేశామో లేదో, మర్రి ఊడలు మింగేసిన ఇటుక గోడల మధ్య నుంచి చుక్కల దుప్పి ఒకటి నింపాదిగా నడిచొచ్చి నా సంచిని వాసన చూసింది. పక్కనే ఓ కొత్త జంట దానితో ఫొటో దిగుతోంది. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. డెన్వర్ నుంచి మా బాబాయి కొడుకు పంపిన సందేశం: ‘‘అన్నయ్యా, 3-9 తీసుకోనా, 4-16 తీసుకోనా?’’

అవి రైఫిల్ మీద బిగించే స్కోపుల కొలతలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద అమెరికా వెళ్లి పన్నెండేళ్లుగా అక్కడే ఉంటున్న మా వాడు ఈ శరదృతువులో సహోద్యోగులతో కలిసి కొలరాడో కొండల్లో ఎల్క్ వేటకు బయల్దేరుతున్నాడు. ఎల్క్ అంటే మన కణితికన్నా పెద్దదైన కొండ దుప్పి. మగది మూడు క్వింటాళ్లు తూగుతుంది. పండక్కి కోడిని కోయడానికి పక్కింటాయన్ని పిలిచే వంశం మాది. అందులో నాకున్న అర్హతల్లా కాలేజీ ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్‌తో పాతిక గజాల దూరంలోని అట్టముక్కను రెండుసార్లు కొట్టడమే. ఆ రెండు చిల్లుల పుణ్యాన అప్పటి నుంచీ ఇంట్లో తుపాకుల నిపుణుణ్ణి నేనే.

సలహా అడిగాక చెప్పకపోతే మర్యాద కాదు. ఆ రాత్రి హోటల్ గదిలో కూర్చుని లెక్క వేశాను. 3-9 ఇంటూ 40 అంటే దృశ్యాన్ని మూడు నుంచి తొమ్మిది రెట్ల దాకా పెద్దది చేస్తుంది, ముందు అద్దం వ్యాసం 40 మిల్లీమీటర్లు. రెండోది పదహారు రెట్ల దాకా చూపిస్తుంది, అద్దం 50 మిల్లీమీటర్లు. పెద్దదే మేలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అద్దం కొలతను రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం ఎంతో తేలుతుంది. 40ని తొమ్మిదితో భాగిస్తే నాలుగున్నర మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. 50ని పదహారుతో భాగిస్తే మూడే. ఎల్క్ మేతకు బయటికొచ్చేది తెల్లవారుజామున, మునిమాపున. ఆ మసక వెలుతురులో మనిషి కంటిపాప అయిదారు మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. మూడు మిల్లీమీటర్ల వెలుగు దానికి ఏ మూలకు? రెట్లు పెరిగేకొద్దీ కనిపించే మేర కూడా కుంచించుకుపోతుంది. మూడు రెట్ల దగ్గర వంద గజాల దూరాన సుమారు ముప్పై అడుగుల వెడల్పు కనిపిస్తే, తొమ్మిది రెట్లకు పది పన్నెండు అడుగులే మిగులుతుంది. జంతువు రెండంగలు వేసిందంటే అద్దంలోంచి మాయం. పైగా పది వేల అడుగుల ఎత్తులో భుజాన మోసే ప్రతి గ్రామూ బరువే. ఇంకో జాగ్రత్త: కంటికీ స్కోపుకీ మధ్య మూడున్నర అంగుళాలైనా ఎడం ఉండాలి, లేదంటే రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు కనుబొమ చిట్లుతుంది.

జవాబు దాదాపు తేలిపోయింది. అయినా పంపలేదు. మర్నాడు చూసిన అడవి ఆ లెక్కను తలకిందులు చేసింది.

అండమాన్లో కొండ ఎక్కాలంటే పోర్ట్‌బ్లెయిర్‌కు దగ్గర్లో ఉన్నది మౌంట్ హారియెట్. దానికి 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. 2018లో రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అయింది. 2024లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. బోర్డులు మారినంత వేగంగా బోటువాళ్ల నోళ్లు మారవు కాబట్టి ఈ పాత పేర్లే ఇంకా వినిపిస్తాయి. చాథమ్ నుంచి ఫెర్రీలో బాంబూ ఫ్లాట్ చేరి, అక్కడో జీపు మాట్లాడుకున్నాను. డ్రైవర్ తెలుగువాడే. ఆశ్చర్యమేమీ లేదు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభా 3.8 లక్షలు, అందులో 13 శాతం మంది మాతృభాష తెలుగు. చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. ఈయన తండ్రి కళింగపట్నం దగ్గరి పల్లె నుంచి విశాఖలో ఓడెక్కి వచ్చాడట.

జీపు ఆపి కాలాపత్తర్ వైపు కాలిబాట పట్టాం. వంద గజాలు నడిచేసరికి మధ్యాహ్నం కాస్తా సాయంత్రమైంది. ఆకాశాన్ని మూసేసిన చెట్లు, వాటిని అల్లుకున్న తీగలు, కింద తడి ఆకుల చీకటి. ఎటు చూసినా ఇరవై ముప్పై అడుగులు దాటి చూపు ఆనదు. ఇక్కడ తొమ్మిది రెట్ల స్కోపులో చూస్తే కనబడేది ఒకే ఒక్క ఆకు, అదీ చాలా పెద్దగా.

‘‘దుప్పులు లేవా?’’ అడిగాను.

‘‘ఉన్నాయి బాబూ. అవి మనల్ని చూస్తాయి, మనకి కనబడవు’’ అన్నాడాయన.

‘‘రాస్‌లో సంచిలో మూతి పెడుతున్నాయే?’’

‘‘అక్కడ బిస్కెట్టు పెడతారు. ఇక్కడ ఉచ్చు పెడతారు. ఈ అడవిలో పులి నేదు, చిరత నేదు. మడిసికి తప్ప దేనికి బయపడతాది బాబూ?’’ దుప్పి మాంసం సంగతి కదిపితే మాత్రం ఆయన దారి వంక చూస్తూ నడిచాడు.

ఈ అడవిలో వేటాడటమెలాగో తెలిసినవాళ్ల పనితనం ఊళ్లోని మానవశాస్త్ర మ్యూజియంలో అద్దాల వెనక ఉంది. గ్రేట్ అండమానీల విల్లు పాములా మెలి తిరిగి ఉంటుంది. దానికన్నా ఆసక్తికరమైంది పందిని కొట్టే బాణం. దాని మొన కర్రకు బిగించి ఉండదు, చిన్న తాడుతో కట్టి ఉంటుంది. పందికి తగలగానే మొన ఒంట్లో దిగబడిపోతుంది. ఊడిన కర్ర తాడుకు వేలాడుతూ వెంట ఈడ్చుకుపోయి పొదల్లో చిక్కుకుంటుంది. పంది ఆగిపోతుంది. దూరం చూపించే సాధనం కొలరాడోలో కావాలి. ఇరవై అడుగుల్లో చూపు తెగిపోయే చోట కావాల్సింది పారిపోయేదాన్ని ఆపే సాధనం. కొండను బట్టి స్కోపు, అడవిని బట్టి బాణం.

కానీ ఆ బాణం దుప్పి కోసం చేసింది కాదు. ఎందుకంటే అండమాన్లో దుప్పి అనే జంతువే లేదు. ఇక్కడి అడవిలో పుట్టిన నేల జంతువుల్లో అన్నిటికన్నా పెద్దది అడవి పంది. మాంసాహారుల కోవలో చెప్పుకోవడానికి మిగిలింది ఒక పునుగుపిల్లి. అదీ ఎక్కువగా పండ్లే తింటుంది. 1857 తిరుగుబాటు తర్వాత 1858లో బ్రిటిష్‌వారు ఖైదీలతో వచ్చి రాస్‌ను రాజధాని చేసుకున్నారు. బేకరీ, చర్చి, క్లబ్బు, టెన్నిస్ కోర్టు అన్నీ కట్టుకున్నారు. దొరల కాలక్షేపానికి లోటు ఒక్కటే: వేటాడదగ్గ జంతువు లేదు. 20వ శతాబ్ది తొలినాళ్లలో ఆ లోటూ తీర్చేశారు. ప్రధాన భూభాగం నుంచి చుక్కల దుప్పులను ఓడల్లో తెచ్చి వదిలారు. వాటి వెంట పులిని తేలేదు. 1941 భూకంపం రాస్‌ను కుదిపేసింది, 1942లో జపాన్ సేనలు దిగాయి, దొరలు వెళ్లిపోయారు. దుప్పులు ఉండిపోయాయి. ఈదుకుంటూ ఒక దీవి నుంచి ఇంకో దీవికి పాకాయి. పొరపాటు దిద్దడానికి 1950లలో రెండు చిరుతలను వదిలారని, తీరా చూస్తే రెండూ ఆడవేనని ఇక్కడ ఓ కథ చెబుతారు. కథ ఎలా ఉన్నా, చిరుతలు మాత్రం లేవు.

ఫొటోలో ముచ్చటగా కనిపించే ఆ మూతి అడవిలో చేసే పని వేరు. అది మొలకల్ని నేలమట్టంలోనే కొరికేస్తుంది. పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి కాబట్టి పడవలోంచి చూసేవారికి అడవి పచ్చగానే కనిపిస్తుంది. లోపల రేపటి చెట్టు లేదు. కలప వ్యాపారం దివాలా తీశాక 1962లో ఇంటర్‌వ్యూ దీవిలో ఏనుగుల్ని వదిలేశారు. అక్కడ ఏనుగులు, దుప్పులు కలిసి వృక్షసంపదను ఎలా దెబ్బతీస్తున్నాయో పర్యావరణ శాస్త్రవేత్త రవూఫ్ అలీ 2004లో ప్రచురించిన అధ్యయనంలో వివరించారు. 2016లో వెలువడిన మరో పరిశోధన ఇంకా కిందికి, ఆకుల మధ్యకు చూసింది. దుప్పులు ఎక్కువున్న చోట నేల మీద, పొదల్లో తిరిగే బల్లుల సంఖ్య బాగా పడిపోయిందని తేల్చింది. ఆ బల్లుల్లో కొన్ని ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి. వాటితో సెల్ఫీ దిగేవాళ్లు లేరు, అంతే తేడా.

మరి కాల్చేస్తే సరిపోదా? మా వాడైతే అదే అంటాడు. కానీ 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టానికి చుక్కల దుప్పి ఎక్కడున్నా రక్షిత జంతువే. నాగార్జునసాగర్ అడవిలో పులికి ఆహారమైన దుప్పికీ, ఇక్కడ పరాయిదైన దుప్పికీ చట్టం తేడా చూడదు. సెక్షన్ 65 నికోబార్ దీవుల గిరిజనులకు 1967 నుంచి ఉన్న వేట హక్కుల్ని మాత్రం కాపాడింది. తగిన అనుమతులిచ్చి జంతువుల్ని చంపించే దారి చట్టంలో లేకపోలేదు. 2016 జూన్‌లో బీహార్‌లోని మొకామాలో పంటలు పాడుచేస్తున్న నీల్‌గాయిలను కాల్చడానికి వెళ్లింది మన హైదరాబాద్ షూటర్లే. కొద్ది రోజుల్లో రెండు వందలకు పైగా నేలకూలాయి. ఢిల్లీలో ఇద్దరు కేంద్ర మంత్రులు బాహాటంగానే వాదులాడుకున్నారు.

అండమాన్లో చిక్కు అంతకన్నా పెద్దది. ఇక్కడి అడవిలో కొంత జరావాలది. వారికీ బయటివారికీ మధ్య దశాబ్దాలపాటు నడిచిన సంభాషణ ఎక్కువగా బాణాలతోనూ తూటాలతోనూ సాగింది. 1997 తర్వాతే వారు తమంతట తాము బయటికి రావడం మొదలుపెట్టారు. సంప్రదాయంగా వారి వేట అడవి పంది. దుప్పిని వారు ముట్టరు. పంది కోసం, దుప్పి కోసం వారి రిజర్వులోకి దొంగచాటుగా చొరబడే బయటివాళ్లే ఇప్పటికే పెద్ద బెడద. దుప్పుల పేరిట తుపాకులకు దారి తెరిస్తే అవి దుప్పుల దగ్గరే ఆగుతాయని హామీ ఎవరిస్తారు? అడవికి దుప్పులు తగ్గాలి. అడవిలోని మనుషులకు తుపాకులు రాకూడదు. రెండూ న్యాయమైన కోరికలే. రెంటికీ సరిపడే మార్గం వెతకడం కష్టం కాబట్టి ఏమీ చేయకపోవడమే విధానమై కూర్చుంది. అది కూడా ఒక నిర్ణయమే. దాని ఖర్చు మొలకలు భరిస్తున్నాయి.

తిరుగు ఫెర్రీలో మా వాడికి ఫోన్ చేశాను.

‘‘నీకు వేటకు అనుమతి ఎలా వచ్చింది?’’

‘‘లాటరీలో అన్నయ్యా. కొలరాడోలో ఎల్కులు రెండున్నర లక్షల పైనే. ఏటా ఎక్కడెన్ని ఉన్నాయో అంచనా వేస్తారు, దాన్ని బట్టి ఎన్ని ట్యాగులివ్వాలో తేలుస్తారు. నాకు ఒకటి వచ్చింది. ఒక్కదాన్నే కొట్టాలి.’’

‘‘తోడేళ్లు లేవా?’’

ఉండేవని, 1940ల నాటికి మనుషులే తుడిచిపెట్టేశారని, 2020లో రాష్ట్రప్రజలు ఓటేసి వాటిని మళ్లీ తేవాలని తీర్మానించారని, 2023 డిసెంబర్‌లో పదింటిని వదిలారని చెప్పాడు. అక్కడి పశువుల పెంపకందారులు మండిపడుతున్నారట. గొడవ ఉన్నా, అక్కడ వరుస సరిగ్గానే ఉందనిపించింది. ముందు లెక్క, తర్వాత అనుమతి, చివర్లో తుపాకి, దాని మీద స్కోపు. అండమాన్లో ఆ వరుస తిరగబడింది. మొదట తుపాకి వచ్చింది, దానికోసం దుప్పి వచ్చింది, తుపాకి వెళ్లిపోయాక చట్టం వచ్చింది, నష్టం లెక్క అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. అడవిలోకి పులిని తేలేం. ఇక్కడి పందికీ, మనిషికీ దాన్నుంచి రక్షణ ఎవరు? కనీసం చిన్న దీవుల నుంచైనా దుప్పుల్ని పట్టి తరలించడం, తీసుకెళ్లలేని చోట అటవీ శాఖే స్వయంగా, జరావా అడవికి దూరంగా, లెక్కగట్టి తగ్గించడం... ఏది చేసినా ముందు దీవి దీవికీ ఎన్ని ఉన్నాయో లెక్క తేలాలి.

‘‘ఇంతకీ ఏది కొనమంటావ్?’’ అన్నాడు మా వాడు.

‘‘3-9 చాలు. తెల్లవారుజామున అదే బాగా కనిపిస్తుంది. ఎక్కువ రెట్లు పెట్టకు, చుట్టూ ఉన్నది కనబడదు’’ అన్నాను.

ఫెర్రీ చాథమ్ చేరుతోంది. నీళ్లకవతల రాస్ కొబ్బరి చెట్లు నల్లబడుతున్నాయి. పర్యాటకుల్ని ఎక్కించుకున్న ఆఖరి బోటు అక్కణ్నుంచి ఎప్పుడో వచ్చేసింది. ఇక రేపు పొద్దున బిస్కెట్లు వచ్చేదాకా దుప్పులకు మొలకలే గతి.