పురసవాక్కం బజారులో ఒక సాయంత్రం

చెన్నపట్నంలో కాపురమున్న తెలుగువాళ్ళకు పురసవాక్కం అనగానే చేతిలో సంచీ గుర్తుకు వస్తుంది. పెళ్ళివారికి పట్టుచీరలు కావాలన్నా, కొత్తకాపురానికి ఇత్తడి బిందెలు కావాలన్నా, పసిబిడ్డకు వెండి ఉగ్గుగిన్నె కావాలన్నా, అన్నీ ఆ ఒక్క రోడ్డు మీదనే దొరుకుతాయి. త్యాగరాయనగరం దాకా పోయి నలగవలసిన పని లేదని ఇక్కడివాళ్ళకు కొంచెం గర్వం కూడాను.

మొన్న పెళ్ళిబట్టల కోసం మేమిద్దరం అక్కడికి వెళ్ళాము. సెంట్రలు స్టేషను దగ్గర బస్సెక్కి, వేపేరి మీదుగా డవ్‌టన్ దాటేసరికి జనసందడి మొదలయింది. ముందు గంగాధరేశ్వరస్వామిని దర్శించుకొన్నాము. ఆ గుడికి స్థలవృక్షం పురసు చెట్టు. పురసు అంటే మరేదో కాదు, మనం విస్తళ్ళు కుట్టుకొనే మోదుగే! ఆ చెట్టు పేరనే ఈ పేటకు పురసవాక్కం అనే పేరు వచ్చిందని చెబుతారు. ఇప్పుడు రోడ్డు మీద మోదుగపూలకు బదులు దీపాల బోర్డులు ఎర్రగా వెలుగుతున్నాయి.

గుడికి దగ్గరలోనే మా బాబాయిగారి ఇల్లు. ఆయన రైల్వే లెక్కల ఆఫీసులో పనిచేసి విరమించుకొన్నారు. ఎనభయ్యోపడిలో పడ్డారు గాని, బజారంటే ఇంకా హుషారే. పిన్నిగారిని ఇంట్లో ఉండమని, తామే మా వెంట బయలుదేరారు.

"సంచీ ముందుకు పెట్టుకోండర్రా, జేబుదొంగలుంటారు" అని దారిపొడవునా హెచ్చరిస్తూనే వచ్చారు. ఆయన మాట మన్నించి సంచీని గుండెలకు అదుముకొని నడిచాము. కొట్లో చీరలు ఎంచడం, బేరం, బిల్లు అన్నీ అయ్యాయి. మేము కార్డు తీసి ఇచ్చాము. మెషీను మా ముందుకు జరిపితే నాలుగంకెలూ నొక్కాము. వెనుక పదిమంది నిలుచున్నారు. అప్పుడు బాబాయిగారు గభాలున మా చేతిమీద తమ కండువా కప్పారు.

"ఏమర్రా, చేయి అడ్డం పెట్టుకోరాదూ? సంచీని అంత భద్రంగా పట్టుకొన్నారు, తాళంచెవి మాత్రం పదిమందికీ చూపించారు!"

మేము నవ్వాము. ఆయన నవ్వలేదు. కాఫీహోటల్లో ఒక మూల కూర్చున్నాక, గ్లాసు చేత్తో తిప్పుతూ ఆ సంగతి చెప్పారు.

పోయిన సంవత్సరం ఒక సాయంత్రం ఆయన డబ్బు తీయడానికి ఏ.టి.యం.కు వెళ్ళారట. మెషీను కార్డును ఒప్పుకోలేదు. వెనుకనున్న కుర్రవాడు ఎంతో మర్యాదగా "ఇలా ఇవ్వండి తాతా" అని తానే కార్డు పెట్టి, "నెంబరు నొక్కండి" అన్నాడు. నొక్కారు. "మెషీను పాడయినట్టుంది, రేపు రండి" అని కార్డు తిరిగి ఇచ్చి వెళ్ళిపోయాడు. అదే రంగు, అదే బ్యాంకు. ఈయన పేరు చూసుకోకుండానే జేబులో పెట్టుకొన్నారు.

రాత్రి పదకొండున్నరకు ఫోను మోగింది. ఇరవై వేలు తీసినట్టు కబురు. కార్డు తీసి చూస్తే దాని మీద ఎవరిదో పేరు!

"పిన్నిని లేపలేదు నాయనా. లేపితే ఏమని చెప్పను? బతుకంతా ఒకరి లెక్కలు దిద్దినవాణ్ణి. తెల్లవారి బ్యాంకు తెరిచాక చూద్దామని కూర్చున్నాను. పన్నెండు దాటి పది నిమిషాలకు రెండో కబురు వచ్చింది. మళ్ళీ ఇరవై వేలు."

ఇందులో ఒక కిటుకు ఉన్నది. కార్డుతో రోజుకింత అని పరిమితి ఉంటుంది. అర్ధరాత్రి దాటితే కొత్త రోజు. అందుకే దొంగ పన్నెండుకు ముందొకసారీ, తర్వాతొకసారీ తీసుకొంటాడు. బాబాయిగారు సిగ్గుతో కూర్చున్న ఆ నలభై నిమిషాలే వాడికి కావలసింది. కార్డును ఆపించడానికి బ్యాంకు తెరవనక్కరలేదు. కార్డు వెనుకనున్న నెంబరుకు ఏ వేళ ఫోను చేసినా ఆపుతారు. ఆ నెంబరు ఈయన దగ్గర వేరే ఎక్కడా రాసిలేదు. కార్డు మీదనే ఉన్నది కదా అనుకొన్నారు. చేతిలో మిగిలినది వేరేవాడి కార్డయినా, బ్యాంకు అదే గనుక నెంబరూ అదే. కాని ఆ కంగారులో అది తోచలేదు.

రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక ఉత్తర్వు ఇచ్చింది. అందులో ఈ మాట స్పష్టంగా ఉన్నది: మన అజాగ్రత్త వల్ల డబ్బు పోతే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినది మనది, తెలియజేసిన తర్వాత పోయినది బ్యాంకుది. తప్పు మనదీ కాక, బ్యాంకుదీ కాక, మధ్యలో మరెక్కడో జరిగితే, మూడు పనిదినాలలో చెప్పినవారికి నష్టమే లేదన్నది. నాలుగు నుంచి ఏడు రోజులయితే కొంత మనం భరించాలి. అంటే, చెప్పిన గడియకే విలువ. బాబాయిగారు మర్నాడు పదిగంటలకు చెప్పారు. నలభై వేలూ రాలేదు. పదకొండున్నరకే చెప్పి ఉంటే రెండో ఇరవై వేలు నిలిచేవి.

ఇది ముసలివాళ్ళకే జరుగుతుందనుకోరాదు. 2016లో తిరువనంతపురంలో కొందరు రుమేనియా దేశస్థులు ఏ.టి.యం. గదిలో పొగను పసిగట్టే పరికరంలా కనిపించే పెట్టె అమర్చి, అందులో కెమెరా దాచారు. చదువుకొన్నవాళ్ళ డబ్బే పోయింది. కెమెరా కంటికి కనబడకపోయినా, అంకెలు నొక్కే చేతిమీద రెండో చేయి కప్పితే దానికి కనబడేది ఆ చేయే. బాబాయిగారి కండువాలో అంత శాస్త్రం ఉన్నది!

ఆనాడే హోటల్లో కూర్చుని మా ఫోన్లలో నాలుగు పనులు చేసుకొన్నాము. కార్డు ఆపే నెంబరును ఫోనులోనూ, ఇంటి క్యాలెండరు మీదా రాసుకోవాలని నిర్ణయించాము. రోజువారీ పరిమితిని అవసరానికి సరిపడేంతకే తగ్గించాము. విదేశాలలో కొనుగోళ్ళకు కార్డు పనిచేయకుండా మూసివేశాము. ఈ మూసే, తెరిచే వీలు మనకే ఉండాలని రిజర్వు బ్యాంకు 2020లో నియమం పెట్టింది. తాకిస్తే చాలు, అంకెలు అక్కరలేకుండా 2021 జనవరి నుంచి అయిదువేల దాకా చెల్లే సౌకర్యాన్ని కూడా బాబాయిగారి కార్డుకు ఆపించాము. ఫోనులో వచ్చే ఓ.టి.పి. అంకెలను, అడిగినవాడు బ్యాంకు మేనేజరునని చెప్పినా, చెప్పరాదని మళ్ళీ ఒకసారి అనుకొన్నాము. మోసం జరిగితే 1930కి ఫోను చేయాలన్నది కూడా రాసుకొన్నాము.

చీకటిపడ్డాక ఇంటికి వచ్చాము. పిన్నిగారు చీరలు విప్పి చూస్తున్నారు. బాబాయిగారు కాసేపు అటూ ఇటూ తచ్చాడి, ఆవిడ ఎదురుగా కూర్చుని, సంవత్సరం దాచిన మాట మా ముందే చెప్పేశారు.

పిన్నిగారు మడత పెట్టబోతున్న చీరను అలాగే ఒళ్ళో పెట్టుకొన్నారు.

"ఆ రాత్రి మీరు నిద్రపోలేదని నాకు తెలుసు. ఒంట్లో బాగాలేదేమోనని నేనూ నిద్రపోలేదు. నన్ను లేపి ఉంటే ఆ ఫోను నేనే చేసేదాన్ని కదండీ" అన్నారు.

ఆయన మాట్లాడలేదు. పిన్నిగారు లేచి, గోడమీది క్యాలెండరు తెచ్చి మా చేతికిచ్చారు.

"ఆ నెంబరేదో పెద్ద అక్షరాలతో రాయండి నాయనా. కళ్ళజోడు లేకుండా కనబడాలి."