పుంటికూర రంగు

కోదాడలో మా పుట్టింట్లో గోంగూర అనేదాన్నే సూర్యాపేటలో మా అత్తగారింట్లో పుంటికూర అంటారు. పేరు ఏదైతేనేం, మూకుడులో వేసిన కాసేపటికే పచ్చదనం పోయి ఖాకీ రంగుకు తిరుగుతుంది.

డాలస్‌లో చదువుకుంటున్న మా పెద్దమ్మాయికి అదే నచ్చదు. "అమ్మా, చిటికెడు వంటసోడా వేస్తే పచ్చగానే ఉంటుందట. ఉడికించి సీసాల్లో మూత బిగించి పెట్టుకుంటా" అని ఫోన్ చేసింది. నాకెందుకో గుండె గుభేలుమంది. మిర్యాలగూడలో సైన్సు టీచరుగా చేస్తున్న మా ఆడపడుచును అడిగాను.

ఆకులోని పత్రహరితం నడుమ మెగ్నీషియం ఉంటుందట. పులుపు, వేడి కలిస్తే అది ఊడిపోయి రంగు మారుతుంది. సోడా పులుపును విరిచేస్తుంది కాబట్టి రంగు నిలుస్తుంది. కానీ ఆకు జావైపోతుంది, సి విటమిన్ పోతుంది. అసలు భయం వేరే. పులుపు లేని కూరను గాలి చొరని సీసాలో ఉంచితే బొట్యులినమ్ అనే సూక్ష్మజీవి ప్రాణం తీసే విషం తయారుచేయగలదు. దాని బీజాలు మామూలుగా మరిగిస్తే చావవు.

అంటే, రంగు తీసేసే ఆ పులుపే మనల్ని కాపాడేది కూడా!

అందుకే అమ్మాయికి చెప్పాను: "పచ్చగా కావాలంటే పాలకూరో బఠానీలో మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, వడకట్టి ఫ్రీజర్‌లో పెట్టుకో. పుంటికూరను మాత్రం దాని రంగుకు వదిలెయ్ బిడ్డా."

రంగుదేముంది, ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇల్లు గుర్తొస్తే చాలదూ!